ఎదురుగా తీయని ఫోటో

సీతమ్మధార, విశాఖపట్నం,
12 మార్చి 1979.

ప్రియమైన సన్యాసిరావు బావకి,

శ్రీరామ్మూర్తి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. అక్క పంపిన వడియాలు అందాయి, అయిపోయాయి కూడా.

అసలు సంగతికి వస్తాను. నువ్వు పశువైద్య కాలేజీలో పిల్లలకి ఎక్స్‌రేలు చూపించి పాఠం చెప్పే మనిషివనీ, నేను ఆవు కడుపులో మోచేతిదాకా చెయ్యి పెట్టి బతికే మనిషిననీ మొన్న పెళ్ళిలో పదిమంది ముందు అన్నావు. నేనూ నవ్వాను కానీ మర్చిపోలేదు. ఇప్పుడు విను. మీరు అక్కడ పుస్తకంలో బొమ్మ చూపించి సరిపెట్టే ఎముక క్యాన్సరు ఇక్కడ నా చేతికి దొరికింది.

రేవు దగ్గర ఒక గిడ్డంగుల కంపెనీ ఉంది. పేరెందుకులే, పెద్దవాళ్ళు. వాళ్ళకి కాపలా కుక్కలున్నాయి. అందులో సీజర్ అని మూడేళ్ళ అల్సేషన్. దాన్ని చూసుకునేవాడు తవిటయ్య, మన పద్మనాభం ఊరి వైపువాడే. కుక్క ఎడమ ముందరికాలు కుంటుతోంది. మోచేతికీ మణికట్టుకీ నడుమ జామకాయంత వాపు, ముట్టుకుంటే రాయి. మేనేజరు స్వయంగా జీపులో వేసుకుని తెచ్చాడు.

“పడిందా? ఏమైనా తగిలిందా?” అని తవిటయ్యని అడిగాను.

“పడనేదు బాబూ. ఆడు పడే రకం కాదు. నాకేటీ తెల్దు” అన్నాడు.

దెబ్బ లేకుండా ఎముక వాచిందంటే ఇంకేం మిగిలింది చెప్పు.

మా ఆస్పత్రిలో ఎక్స్‌రే మిషను లేదని నీకు తెలుసు. ఇక్కడి పాత టౌనులో అయూబ్ అని మనుషులకి ఎక్స్‌రేలు తీసే ఆయన ఉన్నాడు. మధ్యాహ్నం షట్టరు సగం దించాక, వెనక తలుపు దారిన, కుక్కకి దుప్పటి కప్పి తీసుకురమ్మన్నాడు. “బల్ల మీద కుక్క పడుకుందని తెలిస్తే రేప్పొద్దున మనిషన్నవాడు పడుకోడు డాక్టర్ సాబ్” అన్నాడు. అలాగే దుప్పటి కప్పి తీసుకెళ్ళి కాలు పక్కనుంచి ఒక ఫోటో తీయించాను. చూస్తే కాలి నడుమ మబ్బు పట్టినట్టు ఎముక ఉబ్బిపోయి ఉంది. ట్యూమరు అని రాసి, బాధ పడనీయకుండా చావు సూది వెయ్యడమే మేలని సలహా ఇచ్చి, సంతకం పెట్టాను. మేనేజరు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

ఈ కేసు జూన్‌లో మన డాక్టర్ల సభలో చదువుతాను. ఫిల్ము రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. నీ పిల్లలకి చూపించు. కింద నా పేరు వెయ్యి.

నీ
శ్రీరామ్మూర్తి


తిరుపతి,
20 మార్చి 1979.

చిరంజీవి శ్రీరామ్మూర్తికి,

బావ ఆశీస్సులు. ఫిల్ము అందింది. ఇంత పెద్ద కవరులో నాకు శుభలేఖలు కూడా ఎప్పుడూ రాలేదు.

నీ పేరు వెయ్యమన్నావు, వేస్తాను. కాస్త ఓపిక పట్టు. నిజం చెప్పాలంటే నాకూ ఇది ట్యూమరే కావాలి. అలాంటి ఫిల్ము కోసం నేను ఎన్నాళ్ళుగా చూస్తున్నానో మీ అక్కని అడుగు. కవరు విప్పి కిటికీకి ఎత్తి పట్టుకుని, ముందు మబ్బు చూసి మురిసిపోయాను. ఇంతగా కావాలనుకున్నది అంత సులువుగా కనిపించిందంటే నాకు అనుమానం. అందుకని కాఫీ తాగి మళ్ళీ చూశాను.

ఎముక ట్యూమరు మామూలుగా ఎముక చివరల్లో ఇల్లు కట్టుకుంటుంది. ముందరికాల్లో అయితే భుజం దగ్గరో మణికట్టు దగ్గరో. నీ సీజరుకి సరిగ్గా నడుమ వచ్చింది. రాకూడదని కాదు, కానీ ఎందుకొచ్చిందని అడగాలి కదా. ఇంకో సంగతి, ఆ కాల్లో ఎముకలు రెండు. పక్కనుంచి తీస్తే ఒకదాని మీద ఒకటి పడి ఒకే ముద్దలా ఉంటాయి. ఎదురుగా తీసిన ఫోటో ఏదీ? మా ఫస్టియరు పిల్లలు కూడా రెండు వైపులా తీస్తారు. రొమ్ము ఫోటో తీశావా? ట్యూమరైతే ఊపిరితిత్తులకి పాకిందో లేదో చూడొద్దూ?

కుక్క పడలేదని ఆ తవిటయ్య చెప్పాడన్నావు. ఎవరు చూస్తూండగా చెప్పాడు?

రెండో ఫోటో వచ్చేదాకా సూది ఆపించు. మిగతా హాస్యాలన్నీ ఆ తర్వాత ఆడుకుందాం.

నీ బావ
సన్యాసిరావు


సీతమ్మధార,
2 ఏప్రిల్ 1979.

బావకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంగా చదివాను, రెండోసారి ఇంకా కోపంగా చదివాను. నువ్వు చూసింది ఫిల్ముని, నేను చూసింది కుక్కని.

ఎదురుగా ఎందుకు తీయలేదంటావా? అవతల విరిగిన భుజంతో ఒకాయన షట్టరు బాదుతున్నాడు. సీజరు దుప్పట్లోంచి గుర్రుమన్నాడు. అయూబ్ మా ఇద్దర్నీ వెనక తలుపులోంచి బయటికి తోసేశాడు. మీ తిరుపతిలో కుక్కలు వరసలో నిలబడి ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీయించుకుంటాయేమో నాకు తెలీదు.

అయినా నీ మాట తీసెయ్యలేక మేనేజరు దగ్గరికి వెళ్ళాను. దెబ్బేమోనని చిన్న అనుమానం ఉంది, మళ్ళీ ఫోటో తీయాలి అన్నాను. టీ, బిస్కెట్లు తెప్పించాడు. తలుపు వేశాడు.

“చూడండి డాక్టరుగారూ, ట్యూమరంటే ఎవరి తప్పూ కాదు. భగవంతుడు ఇచ్చాడు, అంతే. అదే విరిగిందంటే, ఎప్పుడు విరిగింది, ఎవరి డ్యూటీలో విరిగింది, అప్పుడు మేనేజరు ఎక్కడున్నాడు అని కలకత్తా హెడ్డాఫీసు అడుగుతుంది. మీరు పెద్ద చదువు చదివి ట్యూమరని రాశారు. దాన్నలా ఉండనివ్వండి. సూది వెయ్యమని అక్కణ్ణుంచి ఆర్డరు వచ్చేదాకా ఎన్ని ఫోటోలైనా తీసుకోండి” అన్నాడు.

నా చదువు మీద ఇంత గౌరవం ఇదివరకు ఎవరూ చూపించలేదు. సగం తిన్న బిస్కెట్టు అక్కడే పెట్టి బయటికొచ్చాను.

తవిటయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. “సూది ఎప్పుడేత్తారు బాబూ?” అని అడిగాడు. ఇంకా ఆర్డరు రాలేదన్నాను. తల ఊపాడు. సీజరు వాడి మోకాలికి మొహం ఆనించి నిలబడ్డాడు, ఆ కాలు కొంచెం పైకెత్తుకుని. తవిటయ్య మొహం చూడలేక సైకిలెక్కేశాను.

నిన్న మళ్ళీ అయూబ్ దగ్గరికి, మళ్ళీ దుప్పటి. ఈసారి పక్కనుంచి, ఎదురుగా, రొమ్ము, మూడూ తీయించాను. పంపుతున్నాను. నాకు ఏం కనిపించిందో నేను రాయను. నీకు కనిపించింది నువ్వు రాయి.

శ్రీరామ్మూర్తి


తిరుపతి,
9 ఏప్రిల్ 1979.

శ్రీరామ్మూర్తీ,

విరిగింది.

నువ్వూ చూశావు, అందుకే రాయలేదు. ఎదురుగా తీసిన దాంట్లో రెండెముకలూ ఒకే ఎత్తున, అడ్డంగా విరిగిన గీత కనిపిస్తోంది. ట్యూమరు ఒక ఎముకలో పుడుతుంది. పక్కెముకలో కూడా అదే ఎత్తున కొలతపెట్టి పుట్టదు. పక్కనుంచి తీసిన పాతదీ కొత్తదీ జత పెట్టి చూశాను. ఈ మూడు వారాల్లో ఆ మబ్బు అంచులు నునుపు తేలి, చుట్టూ ఎముక గట్టిపడింది. ట్యూమరైతే ఈపాటికి ఎముకని తినేసి ఇంకా చెల్లాచెదరుగా ఉండాలి. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అది క్యాన్సరు కాదు, అతుక్కుంటున్న ఎముక. కుక్క బాగుపడుతోంది.

ఒక్కటి మాత్రం నన్ను తొలిచేస్తోంది. అతుకు మరీ ఇంత పెద్దదెందుకైంది? కదలకుండా కట్టి ఉంచితే ఇంత ఉబ్బదు. అసలు కట్టకపోతే ఇంత తిన్నగా అతకదు. నాకు తోచేది ఒక్కటే. ఎవరో కట్టారు, విప్పారు. మళ్ళీ కట్టారు, మళ్ళీ విప్పారు. ఎముక కదిలినప్పుడల్లా ఒళ్ళు ఇంకాస్త ఎముక తెచ్చి పోసింది.

తవిటయ్యని ఒంటరిగా అడుగు. అరవకు.

సన్యాసిరావు


సీతమ్మధార,
17 ఏప్రిల్ 1979.

బావా,

అరవలేదు. అరిచే మొహం నాకు లేదు. వాడిని మా ఇంటికి పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, ఫిల్ము ఆకాశానికి ఎత్తి ఆ గీత చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“నానే బాబూ. మాగమాసంలో నా మేనకోడలి పెల్లికి అట్టుకెల్లినాను. మేనేజరుగోరు కేంపు ఎల్లినారు, రెండ్రోజులే గదా అనుకున్నాను. ఊర్లో అందరూ నీ పోలీసు కుక్కేదిరా అంటే నాకూ పొగరెక్కింది. ట్రాక్టరు మీద పెల్లికొడుకు పక్కన కూకోబెట్టినాం, మెడకి కంపినీ బిల్ల ఏసి. సీమటపాకాయలు పేల్సీసరికి బెదిరి దూకీసినాడు.”

ఆ రాత్రే వెదురు బద్దలు పెట్టి కాలికి కట్టాడట. మర్నాడు లారీ మీద వెనక్కి తెచ్చాడు. మేనేజరుకి రోజూ ఒకసారి కుక్కల్ని చూసి వెళ్ళే అలవాటుంది.

“ఆరొచ్చీ టయానికి కట్టిప్పీసి, పడుకోమంటే పడుకునీవోడు. కిక్కురుమనీవోడు కాదు. ఆరెల్లిపోయాక మల్లీ కట్టీవోడ్ని. నొప్పెడితే నా సెయ్యి నాకీవోడు బాబూ.”

నువ్వు తిరుపతిలో కూర్చుని చెప్పింది అక్షరాలా నిజమైంది. వీడు దెబ్బని దాచడానికి పడ్డ పాటే ఆ వాపుని పెంచింది. ఆ వాపు చూసి నేను క్యాన్సరన్నాను. వీడు భయపడి నోరు మూసుకున్నాడు, నేను సంబరపడి నోరు తెరిచాను. మా ఇద్దరి మధ్యా పడి చావబోతున్నది మాత్రం కుక్క.

హెడ్డాఫీసు ఆర్డరు నిన్న వచ్చింది. నెలాఖరులోగా కుక్కని వదిలించుకోవాలట.

“నాను సెప్తే నా ఉజ్జోగం పోద్ది. సెప్పకపోతే ఆడి పేణం పోద్ది. ఏటి సెయ్యమంటారు బాబూ?” అని అడిగాడు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు, భార్య దేముడమ్మ ఎప్పుడూ మంచం మీదే. నాకు నిద్ర పట్టడం లేదు బావా. నా సంతకం ఒక ప్రాణం తీస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. నువ్వు చెప్పు.

శ్రీరామ్మూర్తి


తిరుపతి,
24 ఏప్రిల్ 1979.

శ్రీరామ్మూర్తీ,

చెప్పడానికి ఏముంది. రిపోర్టు మార్చి రాయి. విరిగింది, అతుకుతోంది, సూది అక్కర్లేదు అని. పరువు పోతుందంటావు, పోనీ. ఎలా విరిగిందని అడిగితే తెలీదని చెప్పకు, తెలిసిందే చెప్పు. డాక్టరు ఒకసారి తప్పు చదవొచ్చు. తప్పని తెలిశాక కూడా అదే చదివితే వాడు డాక్టరు కాదు. ఇందులో రెండో మాట లేదు.

సన్యాసిరావు

తమ్ముడూ, ఇది నేను, అక్కని. మీ బావ పోస్టు చెయ్యమని ఇచ్చారు, చదివాను. ఆయన చెప్పింది న్యాయమే. కానీ ఆ తవిటయ్య పిల్లల కడుపు కొట్టకు. కుక్కనీ చంపకు. ఎలాగని నన్నడక్కు, ఇంత చదువుకున్నావు. – గౌరీశ్వరి


సీతమ్మధార,
6 మే 1979.

బావకి, అక్కకి,

మీ ఇద్దరి మాటా విన్నాను. ఒకే కవరులో వచ్చిన రెండు మాటల్నీ వినడం ఎంత కష్టమో మీకు తెలీదు.

ముందు బావ మాట. కొత్త రిపోర్టు రాసి పట్టుకెళ్ళాను. తప్పు నాదే, రెండో ఫోటో తీయకుండా తొందరపడ్డాను, కుక్కకి క్యాన్సరు లేదు అని మేనేజరు ఎదురుగా నిలబడి చెప్పాను. ఎలా విరిగిందో మాత్రం ఆయన అడిగితే చెబుదామని ఊరుకున్నాను. ఆయన అడగలేదు. కాగితం ముట్టుకోను కూడా లేదు.

“మీరు నిజమే చెప్తున్నారని నాకు తెలుసండీ. కానీ ట్యూమరని హెడ్డాఫీసుని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు కాదని రాస్తే ముందు నన్ను పట్టుకుంటారు, తర్వాత మిమ్మల్ని. చచ్చిపోవాల్సిన కుక్క బతికిందని చెప్పడం అంత సులువు కాదు. దాన్ని మీ ఆస్పత్రికి తీసుకెళ్ళి ఆ పనేదో కానివ్వండి. నాకు చూసే ధైర్యం లేదు” అన్నాడు.

చూసే ధైర్యం లేదన్నాడు చూడు, అక్కడ నాకు అక్క మాట వినిపించింది. కొత్త రిపోర్టుని మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు తవిటయ్య రిక్షాలో సీజర్ని తెచ్చాడు. దారిపొడుగునా ఏడ్చినట్టున్నాడు. లోపలికి రమ్మని తలుపు వేసి, సూది తీసి, వేశాను. పిచ్చికుక్క కాటుకి ముందుగా వేసే టీకా. వాడు కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. కాసేపటికి కుక్క వాడి చెయ్యి నాకితే కళ్ళు తెరిచి, నన్ను చూసి, కుక్కని చూసి, దాని మెడ వాటేసుకున్నాడు. “వీణ్ణి మీ ఊరు పంపెయ్, కంపెనీ బిల్ల ఇక్కడ వదిలెయ్” అన్నాను. ఆ సాయంత్రమే వాడి తమ్ముడు వచ్చి గడ్డిబండిలో పద్మనాభం తీసుకుపోయాడు.

మేనేజరు ఫోన్ చేసి, “సూది వేశారా?” అన్నాడు. వేశానన్నాను. “పాపం” అన్నాడు. నిజంగానే అన్నాడు.

అసలు సంగతి ఇంకా ఉంది. నాలుగు రోజుల క్రితం కంపెనీ నుంచి మా పై ఆఫీసరుకి ఉత్తరం వచ్చింది. ప్రాణాంతకమైన వ్యాధిని సకాలంలో గుర్తించిన డాక్టరు శ్రీరామ్మూర్తి నైపుణ్యాన్ని మెచ్చుకుంటున్నారట. ఆఫీసరుగారు దానికి ఫ్రేము కట్టించి నా గదిలో పెట్టించారు. నేను తలెత్తితే అదే కనిపిస్తోంది.

జూన్ సభలో నేనేమీ చదవను. ఆ ఫిల్ముల కింద నా పేరు వెయ్యకు.

శ్రీరామ్మూర్తి


తిరుపతి,
14 డిసెంబరు 1981.

చిరంజీవి శ్రీరామ్మూర్తికి,

నీ మీద నాకు కోపం పోయిందని మీ అక్క నీకు ఎప్పుడో రాసే ఉంటుంది. నేను ఇప్పుడు రాస్తున్నాను. రిపోర్టు మార్చకుండా వదిలేశావని రెండేళ్ళు అలిగాను. నీ తప్పు మీద కట్టిన ఇంట్లో ఆ కుక్క బతుకుతోందని ఆలోచిస్తే అలక నిలబడడం లేదు.

ఏటా మొదటి పాఠం నీ ఫిల్ములతోనే మొదలు పెడుతున్నాను. ముందు ఆ పక్కనుంచి తీసిన ఒక్కటే చూపిస్తాను. క్లాసు క్లాసంతా ట్యూమరంటుంది. ఒక్కడంటే ఒక్కడు రెండోది చూపించమని అడగడు. అప్పుడు ఎదురుగా తీసినది పెడతాను. దానికి విశాఖ కాలు అని పేరు పెట్టారు పిల్లలు. నీ పేరు వెయ్యలేదు, ఒట్టు.

ఇక్కడికి వచ్చిన మీ జిల్లా కుర్రాడొకడు చెప్పాడు, శ్రీకాకుళం నుంచి కూడా గడ్డలున్న కుక్కల్ని నీ దగ్గరికే తెస్తున్నారట కదా, ట్యూమర్ల డాక్టరని. గోడ మీద ఫ్రేము బాగానే పనిచేస్తోంది. సీజరెలా ఉన్నాడు?

నీ బావ
సన్యాసిరావు


సీతమ్మధార,
21 ఆగస్టు 1986.

బావా,

అయిదేళ్ళ క్రితం అడిగావు, సీజరెలా ఉన్నాడని. బాగున్నాడని ఒక కార్డు రాసి పడేశాను. ఇప్పుడు వివరంగా రాస్తాను.

ఇన్నాళ్ళూ వరిచేలల్లో తిరిగాడు. తవిటయ్య పొద్దున్నే రేవుకి బస్సెక్కితే రోడ్డుదాకా దిగబెట్టి, సాయంత్రం బస్సు శబ్దం విని ఎదురెళ్ళేవాడు. ఆ బస్సు ఆలస్యమైతే ఊరివాళ్ళకి సీజరే చెప్పేవాడు, అక్కడే కూర్చుని కదలక. ఎడమకాలు మీద చిన్న ముడి తప్ప ఇంకేమీ లేదు. కంపెనీవాళ్ళు తవిటయ్యకి వేరే కుక్కనిచ్చారు. ఆ మేనేజరు కలకత్తా పోయాడు.

మొన్న సోమవారం తవిటయ్య సీజర్ని తీసుకొచ్చాడు. ఇప్పుడు కుడికాలు. మణికట్టుకి కొంచెం పైన వాపు. అయూబ్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన గడ్డం నెరిసింది. ఈసారి దుప్పటి వద్దన్నాడు. “సీజర్ సాబ్ పాత పేషెంటు, ముందు తలుపే” అని, బల్ల తానే తుడిచి, పక్కనుంచి, ఎదురుగా, రొమ్ము, అన్నీ తీశాడు. ఎవరూ తోసెయ్యలేదు. నేను కావలసినంతసేపు చూసుకున్నాను.

ఎముక చివరన ఉంది బావా. ఒక్క ఎముకలోనే ఉంది. చెదపురుగు తిన్నట్టు లోపల కొరుక్కుపోయింది, పై పొర పగిలి కొత్త ఎముక పుల్లపుల్లలుగా బయటికి పొడుచుకొచ్చింది. కీలు దాటలేదు. ఊపిరితిత్తుల్లో రెండు మచ్చలున్నాయి. నువ్వు ఏళ్ళుగా వెతుకుతున్న ఫిల్ము ఇదే.

తవిటయ్యతో చెప్పాను, ట్యూమరు అని. వాడు నవ్వాడు.

“అప్పుడూ అదే సెప్పినారు గదండీ బాబూ. సంతకం కూడా ఎట్టినారు. ఆడు ఏడేళ్ళు బతికినాడు.”

“ఈసారి నిజం తవిటయ్యా” అన్నాను. “కాలు తీసినా లాభం లేదు. నొప్పి పెరిగిపోతుంది. అప్పుడు సూది తప్పదు.”

“ఆ సూదే ఏసీండి బాబూ, అప్పుడేసిందే” అన్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను ఇంకా రెండుసార్లు చెప్పాను. ఫిల్ము ఎత్తి చూపించాను. వాడు గీత కోసం వెతికాడు. ఎక్కడా గీత లేదని, “మరి ఇరగనేదు గదా, ఇంకేటి బెంగ?” అన్నాడు. వెళ్తూ వెళ్తూ అయూబ్‌తో, “డాక్టరుగోరు మల్లీ టూమరే అన్నారు సాయిబుగోరూ, ఇంక మావోడికి ఏటీ అవదు” అని చెప్పి, సీజర్ని ఎత్తుకుని బస్సుస్టాండు వైపు నడిచాడు. అయూబ్ నా మొహం చూసి తలుపు వేసేశాడు.

నొప్పికి మాత్రలిచ్చాను. వారంలో రమ్మన్నాను. వస్తాడు. అప్పుడు నా మాట నమ్ముతాడు, నాకు ఆ రోజు రాకూడదనుంది. నా గోడ మీద ఆ ఫ్రేము ఇంకా ఉంది. ఈ ఏడేళ్ళలో నేను సరిగ్గా చదివిన ట్యూమర్లు చాలా ఉన్నాయి, ఏ ఒక్కదానికీ ఇంత ఏడుపు రాలేదు.

మూడు ఫిల్ములూ ఇందులో పెట్టాను. పిల్లలకి పాతదాని పక్కన పెట్టి చూపించుకో, పేరు వేసినా వెయ్యకపోయినా ఒకటే. కానీ దానికి ముందు ఒక పని చెయ్యి. కిటికీకి ఎత్తి పట్టుకుని చూడు, కాఫీ తాగి మళ్ళీ చూడు. నేను పొరబడ్డానని ఒక్క ముక్క రాయి.

ఈసారి నాకు కోపం రాదు.

నీ
శ్రీరామ్మూర్తి